అనుమతి దోషాలు: క్లౌడ్ డిప్లాయ్‌మెంట్

ప్రోగ్రామును క్లౌడ్‌కు ఎక్కించే పనిని ఆటోమేటిక్ పైప్‌లైన్‌కు అప్పగించినప్పుడు, ఆ పని చేసే హక్కు నీకు లేదని క్లౌడ్ దాన్ని తిప్పికొట్టడాన్ని అనుమతి దోషం అంటారు. వాడుకలో పర్మిషన్ ఎర్రర్. యాక్సెస్ డినైడ్, ఫర్‌బిడెన్, ఆథరైజేషన్ ఫెయిల్డ్ అని ఒక్కో చోట ఒక్కో పేరుతో కనిపిస్తుంది. పక్కనే చాలాసార్లు 403 అంకె ఉంటుంది. డెవలపర్ తన లాప్‌టాప్ నుంచి చేస్తే సాఫీగా జరిగిన పని పైప్‌లైన్‌లో ఆగిపోవడం దీని ముఖ్య లక్షణం. లాప్‌టాప్‌లో ఆ పని డెవలపర్ పేరు మీద జరుగుతుంది, పైప్‌లైన్‌లో మరో ఖాతా పేరు మీద. ఆ రెండో ఖాతాకు ఏ హక్కులున్నాయో చాలామందికి అది ఆగినరోజే తెలుస్తుంది.

ఖరగ్‌పూర్ సంబంధం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో ఈ విషయం అర్థం చేసుకోవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి ఐఐటీ. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఈ సంస్థ, ఓపెన్‌స్టాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆధారంగా సొంత క్లౌడ్ కట్టుకుని దానికి 'మేఘమాల' అని పేరు పెట్టింది. తెలుగువాడు అర్థం అడగనక్కర్లేని పేరు. అక్కడి ఆచార్యుడు సౌమ్య కాంతి ఘోష్ ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో చెప్పిన క్లౌడ్ కంప్యూటింగ్ పాఠాలు ఎవరైనా ఇంట్లో కూర్చుని వినవచ్చు.

రెండోది రైల్వే స్టేషన్. 2017 నవంబరులో ఇక్కడ వాడుకలోకి వచ్చిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ 800 రూట్లను సంభాళిస్తుంది. పట్టాలు మార్చే పాయింట్లు సరిగా పడ్డాయని, దారి ఖాళీగా ఉందని రుజువయ్యేదాకా సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. క్లౌడ్ అనుమతులదీ ఇదే పద్ధతి. ఇచ్చినట్టు ఎక్కడా రాసి లేకపోతే లేనట్టే. రైల్వే కాలనీలో పెరిగిన కుర్రాడికి ఈ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు.

అడుగుతున్నది ఎవరు

401, 403 అంకెల తేడా మొదట చూడాలి. 401 వస్తే నువ్వెవరో నాకు తెలియదని అర్థం: తాళం గడువు తీరింది, లేదా అసలు అందలేదు. 403 వస్తే, నువ్వెవరో తెలుసు గానీ ఈ పనికి నీకు ఒప్పుకోలు లేదని. 401కు పెట్టిన ఇంగ్లిషు పేరు 'అన్‌ఆథరైజ్డ్' కావడం వల్ల రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఎక్కువ. ఆ పేరు పెట్టడమే పొరపాటు.

తర్వాత, పైప్‌లైన్ ఎవరి పేరుతో నడుస్తోందో దాని చేతే చెప్పించాలి. అమెజాన్ క్లౌడ్‌లో ఇందుకు 'గెట్ కాలర్ ఐడెంటిటీ' అనే కమాండ్ ఉంది. దీనికి ప్రత్యేకంగా ఏ అనుమతీ అక్కర్లేదు. విఫలమైన మెట్టుకు ముందు ఈ ఒక్క వరుస చేరిస్తే చాలు, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. టెస్టు ఖాతాకు వెళ్లాల్సిన పైప్‌లైన్ మరో ఖాతా తలుపు తడుతూ ఉంటుంది. కుబెర్నెటీస్‌లో అయితే 'ఆథ్ క్యాన్ ఐ' కమాండ్‌తో, ఫలానా సర్వీస్ అకౌంట్ ఫలానా పని చేయగలదా అని సూటిగా అడగవచ్చు.

ఎర్రర్ వాక్యంలో సాధారణంగా మూడు సంగతులుంటాయి: ఎవరు అడిగారు, ఏ పని, ఏ వస్తువు మీద. అమెజాన్ సందేశాల్లో కొన్నిసార్లు నాలుగోది కూడా ఉంటుంది: ఎందుకు కాదన్నారో. 'ఏ పాలసీలోనూ (అనుమతుల పత్రంలోనూ) ఒప్పుకోలు లేదు' అంటే అనుమతి చేరిస్తే సరిపోతుంది. 'స్పష్టమైన నిషేధం' అంటే ఎన్ని అనుమతులు చేర్చినా లాభం లేదు. ఒక్క నిషేధం వంద ఒప్పుకోళ్లను కొట్టేస్తుంది. ఆ నిషేధం తరచూ సంస్థ స్థాయిలో ఉంటుంది, దాన్ని తొలగించే అధికారం డెవలపర్ చేతిలో ఉండదు. కొన్ని సేవలు వివరాన్ని సంకేత రూపంలో పంపుతాయి. దాన్ని విప్పి చదవడానికి మళ్లీ ఇంకో అనుమతి కావాలి!

ఒకరి తరఫున మరొకరు

బాగా తిప్పలు పెట్టేది ఈ రకమే. పైప్‌లైన్ ఒక సర్వర్‌ను పుట్టిస్తుంది. ఆ సర్వర్ నడవడానికి ఒక రోల్, అంటే హక్కుల మూట, కావాలి. సర్వర్ పుట్టించే హక్కు ఉన్నంత మాత్రాన ఆ రోల్‌ను దానికి తగిలించే హక్కు వచ్చేయదు. అమెజాన్‌లో దాన్ని 'పాస్ రోల్' అంటారు, గూగుల్ క్లౌడ్‌లో 'యాక్ట్ యాజ్'. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో పైప్‌లైన్‌కు కంట్రిబ్యూటర్ రోల్ ఇచ్చి, అన్నీ ఇచ్చేశామనుకుంటారు. ఆ రోల్‌తో వస్తువులు సృష్టించవచ్చు గానీ, ఇతరులకు అనుమతులు పంచే వీలు లేదు. ఈ అడ్డంకి తెలిసే పెట్టారు. లేకపోతే చిన్న హక్కున్నవాడు పెద్ద హక్కున్న సర్వర్‌ను పుట్టించి దాని చేత ఏ పనైనా చేయించగలడు.

గిట్‌హబ్ యాక్షన్స్ నుంచి క్లౌడ్‌కు వెళ్లే దారిలోనూ ఇలాంటిదే ఉంది. శాశ్వతమైన తాళాలు దాచుకునే బదులు, ప్రతి పరుగుకూ గిట్‌హబ్ ఒక తాత్కాలిక టోకెన్ ఇస్తుంది. ఏ రిపాజిటరీ, ఏ బ్రాంచ్ అన్నది అందులో ఉంటుంది. క్లౌడ్ వైపు రోల్ ఆ మాటను తన దగ్గర రాసి ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా పోల్చి చూస్తుంది. నిన్నటిదాకా నడిచిన జాబ్‌కు ఎవరో 'ఎన్విరాన్‌మెంట్' జోడిస్తారు. దాంతో టోకెన్‌లో బ్రాంచ్ పేరుండే చోట ఎన్విరాన్‌మెంట్ పేరు చేరుతుంది, పోలిక తప్పుతుంది, తలుపు మూసుకుంటుంది. ఇక్కడ అనుమతుల జాబితా ఎంత తిరగేసినా ఫలితం ఉండదు. రోల్‌ను ఎవరు తొడుక్కోవచ్చో చెప్పే నమ్మకపు పత్రాన్ని చూడాలి.

మారువేషాలు

403 అని వచ్చినవన్నీ అనుమతి దోషాలు కావు. అమెజాన్ ఎస్‌3లో లేని ఫైలును అడిగినప్పుడు, ఫైళ్లుండే ఆ బకెట్‌లో ఏమున్నాయో చూసే హక్కు కూడా లేకపోతే 404కు బదులు 403 వస్తుంది. ఫైలు పేరులో అక్షరం తప్పు పడితే రోజంతా పాలసీలు తిరగరాస్తూ కూర్చునే ప్రమాదం ఉంది. ఓపెన్‌స్టాక్‌లో సర్వర్లను చూసే నోవా విభాగం, కోటా దాటినా 403 అనే అంటుంది. అడగాల్సింది హక్కు కాదు, ఇంకొంచెం కోటా. అదే ఓపెన్‌స్టాక్‌లో నెట్‌వర్క్ విభాగం తీరు వేరు: మీది కాని వస్తువు ఉన్న సంగతే ఒప్పుకోకుండా 404 అనేస్తుంది.

క్లౌడ్‌కు ఏ సంబంధమూ లేనిది ఇంకొకటి: విండోస్‌లో రాసిన స్క్రిప్టుకు గిట్‌లో దాన్ని నడపవచ్చనే గుర్తు పడదు, లినక్స్ రన్నర్‌లో 'పర్మిషన్ డినైడ్' అని 126 కోడ్‌తో ఆగుతుంది.

ఓపెన్‌స్టాక్ తీరు

ఇందులో గుర్తింపు పని కీస్టోన్ చూస్తుంది. దాని టోకెన్ గడువు, మార్చకపోతే, గంట. అంతకంటే ఎక్కువసేపు నడిచే డిప్లాయ్‌మెంట్ మధ్యలో 401తో పడిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. పైప్‌లైన్‌లో మనిషి పాస్‌వర్డ్ పెట్టకుండా ఉండేందుకు 2018లో 'అప్లికేషన్ క్రెడెన్షియల్' వచ్చింది. సౌకర్యమే. కానీ అది సృష్టించినవాడి నీడ లాంటిది: ఆ ప్రాజెక్టులో అతని రోల్ తీసేస్తే అదీ పోతుంది. విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోయాక అతని ఖాతా మూస్తారు, అతని పేరు మీద కట్టిన పైప్‌లైన్ ఆ రోజే ఆగుతుంది. ఏటా కొత్త బ్యాచి వచ్చే క్యాంపస్ క్లౌడ్‌లో ఈ పని మొదటిరోజే ఏర్పాటు చేసుకోవాలి: క్రెడెన్షియల్‌ను చదువుకునేవాడి పేరు మీద కాకుండా, ప్రాజెక్టు కోసం విడిగా తెరిచిన ఖాతా మీద తీయాలి.

తప్పుగా ఇచ్చిన అనుమతి

విసుగెత్తినప్పుడు చేతికి దొరికేది నక్షత్రం గుర్తు: అన్ని పనులూ, అన్ని వస్తువుల మీదా. ఎర్రర్ పోతుంది. 2019లో బయటపడ్డ క్యాపిటల్ వన్ బ్యాంకు ఉదంతంలో చొరబాటుదారుకు చిక్కినది ఒక సర్వర్ రోల్ తాలూకు తాత్కాలిక తాళాలు. ఆ రోల్‌కు అవసరానికి మించిన హక్కులుండటంతో అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి.

రైల్వే పక్షాన ఇలాంటి గాయం ఖరగ్‌పూర్ డివిజన్‌కే ఉంది. 2023 జూన్ 2న బహనగా బజార్ స్టేషన్లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ సిగ్నల్ పచ్చగా పడింది, పాయింట్లు మాత్రం లూప్ లైన్‌కు ఉన్నాయి. బండి లూప్‌లోకి మళ్లి నిలిచి ఉన్న గూడ్సును ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ వైరింగ్ మార్పుల్లో జరిగిన లోపాలు తప్పుడు సిగ్నల్‌కు దారితీశాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. క్లౌడ్‌తో దీన్ని పోల్చడం చిన్నమాటే. అయినా ఎర్ర దీపం ఆలస్యం చేస్తుందే తప్ప అంతటి నష్టం చేయదు.

సవరించాక

అవసరమైన ఆ ఒక్క అనుమతి ఇచ్చాక వెంటనే పైప్‌లైన్‌ను మళ్లీ నడిపి, ఇంకా ఎర్రరే వస్తోందని మరో మార్పు, దాని మీద ఇంకో మార్పు చేయడం అందరికీ ఉన్న అలవాటు. చివరికి ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు, అనవసరమైనవన్నీ అలాగే మిగిలిపోతాయి. గూగుల్ క్లౌడ్‌లో అనుమతి మార్పు అంతటా చేరడానికి మామూలుగా 2 నిమిషాలు, ఒక్కోసారి 7 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ పడుతుంది. అజూర్‌లో 10 నిమిషాల దాకా పట్టవచ్చు. అందాకా మరో మార్పు జోలికి పోకండి.