కాగితం మీద తెరిచిన చెరువు
(తొమ్మిదో భాగం)

పోయిన భాగం చదివాక ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, భూమి గురించి రాసినవ్, హాస్టళ్ల గురించి రాసినవ్. ఈ ఓపెన్ సోర్స్, ఓపెన్ స్టాండర్డ్ గొడవ మనకెందుకు? అది సాఫ్ట్‌వేరోళ్ల సంగతి గదా?"

అడగాల్సిన ప్రశ్నే. జవాబు మహద్ నుంచి మొదలుపెడతాను.

మహద్ అనగానే మనకు 1927 మార్చి 20 గుర్తొస్తుంది. బాబాసాహెబ్ చౌదార్ చెరువు మెట్లు దిగి దోసిలితో నీళ్లు తాగిన రోజు. దానికి ముందు జరిగింది మనలో చాలామంది చదవరు. 1923 ఆగస్టులోనే బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానాన్ని ఆమోదించింది. ప్రభుత్వ సొమ్ముతో కట్టి నడిపే చెరువులు, బావులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు, దవాఖానాలు అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చని ఆ తీర్మానం చెప్పింది. 1924 జనవరిలో మహద్ మున్సిపాలిటీ కూడా తన చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం లెక్కన ఆ రోజు నుంచే ఆ చెరువు మనది. మూడేళ్లపాటు ఆ తీర్మానం కాగితం దాటలేదు.

నీళ్లు తాగాక జరిగింది కూడా చూడాలి. పైకులాలవాళ్లు మనవాళ్ల మీద పడి కొట్టారు. 108 కుండల పంచగవ్యం పోసి చెరువును "శుద్ధి" చేశారు. అదే ఏడాది ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. కేసు నడిచి నడిచి, 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పిచ్చింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. తీర్మానం రాసినంత మాత్రాన తలుపు తెరుచుకోదు, జనం నడిచి వెళ్లాలి. ఒక ఉత్తర్వుతో తెరిచినదాన్ని ఇంకో ఉత్తర్వుతో మూసేయొచ్చు. ప్రభుత్వాలు ఓపెన్ సోర్స్, ఓపెన్ స్టాండర్డ్స్ గురించి చేసిన తీర్మానాల చరిత్రను నేను ఈ రెండు పాఠాల వెలుగులోనే చదువుతాను.

*తాళం ఎక్కడ పడింది*

కంప్యూటర్‌కు "అ" తెలియదు. దానికి అంకెలే తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో అందరూ ఒక ఒప్పందానికి వస్తేనే ఒకరు రాసింది ఇంకొకరు చదవగలరు. ఆ ఒప్పందమే స్టాండర్డ్. దాన్ని ఎవరైనా చదివి, ఎవరికీ కప్పం కట్టకుండా వాడుకోగలిగితే ఓపెన్ స్టాండర్డ్. ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎలా రాశారో ఆ సోర్స్ కోడ్‌ను చూసే, మార్చే, పంచుకునే హక్కు ఉంటే అది ఓపెన్ సోర్స్. రెండూ ఒకటి కాదు. కానీ ఒకదానికి ఒకటి తోడు.

మన లిపులకు ఇస్కీ అనే ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లోనే ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లో తెలుగు ఉంది. అంటే ఒప్పందం పుట్టి మూడు దశాబ్దాలు దాటింది. కానీ డీటీపీ సెంటర్లలో, పత్రికాఫీసుల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో నడిచింది వేరు. అను, శ్రీలిపి లాంటి ప్యాకేజీలు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు పెట్టి పని నడిపాయి. తెర మీద "దళిత" అని కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తుల కుప్ప. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. ఒక కంపెనీ ఫాంట్‌లో కొట్టింది ఇంకో కంపెనీ ఫాంట్‌లో రాదు. వెతికితే దొరకదు. చూపులేని విద్యార్థికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించలేదు.

దీనివల్ల ఎవరు నష్టపోయారు? పెద్ద పత్రికలకు డబ్బుంది, మార్పించుకున్నాయి. చుండూరు మీద వచ్చిన వ్యాసాలు, తొంభైల దండోరా కరపత్రాలు, నాలుగు సంచికలు వచ్చి ఆగిపోయిన చిన్న పత్రికలు... వీటిలో ఎన్నో డీటీపీ సెంటర్లలో ఆ ఫాంట్లలోనే తయారయ్యాయి. నా దగ్గర అలాంటి ఫైళ్లు ఒక సీడీ నిండా ఉన్నాయి. వాటిని అక్షరం అక్షరం యూనికోడ్‌లోకి మార్చి సరిచూసుకోవాలి, లేదంటే మళ్లీ మొదటినుంచి కొట్టాలి. మన మాటలు మనకే తాళం పడ్డాయి. చరిత్ర లేదని మనల్ని ఎగతాళి చేసేవాళ్ల పని ఇంకా తేలికైంది.

ఈ తాళాన్ని ముందుగా విరగ్గొట్టింది ప్రభుత్వం కాదు. ఉచితంగా కీబోర్డులు, ఫాంట్లు, లిపి మార్చే పరికరాలు రాసిపెట్టిన కార్యకర్తలు. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన హైదరాబాద్ "స్వేచ్ఛ" సంస్థ. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో సిలికానాంధ్ర తెలుగు ఫాంట్లను ఓపెన్ లైసెన్సు కింద విడుదల చేసింది. మంచి పని. ఈ పోస్టర్లన్నీ మనం ఇవాళ వాటితోనే చేసుకుంటున్నాం. వాటి పేర్లు మాత్రం ఒకసారి చదవండి: శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ. రాజు, రాజుగారి కొలువు మొత్తం దిగింది. ఆ వరసలో జాషువా పేరు నాకు కనబడలేదు.

*ఢిల్లీ తీర్మానాలు*

2007, 2008లో ఒక పెద్ద పోరు నడిచింది. ఆఫీసు పత్రాలకు ఓడీఎఫ్ అనే ఓపెన్ ఫార్మాట్ 2006లోనే అంతర్జాతీయ ప్రమాణం అయ్యింది. మైక్రోసాఫ్ట్ తన ఓఓఎక్స్ఎంఎల్‌ను కూడా ప్రమాణంగా గుర్తించమంది. భారతదేశం రెండుసార్లూ "వద్దు" అని ఓటేసింది. అయినా అది నెగ్గింది. ఆ చర్చలో మన దేశపు అధికారులు, ప్రొఫెసర్లు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అడిగింది సూటి ప్రశ్న: ప్రజల రికార్డును చదవడానికి ఒక కంపెనీ అనుమతి ఎందుకు కావాలి?

ఆ తర్వాత వరసగా విధానాలొచ్చాయి. 2009 నవంబర్‌లో కేంద్రం ఈ-గవర్నెన్స్‌కు యూనికోడ్‌ను ప్రమాణం చేసింది. 2010 నవంబర్‌లో ఓపెన్ స్టాండర్డ్స్ విధానం వచ్చింది. ప్రమాణం మీద పేటెంట్ ఉంటే దానికి రాయల్టీ అడగకూడదు, ప్రమాణాన్ని రాసే ప్రక్రియ తెరిచి ఉండాలి అన్నది దాని సారం. తగిన ప్రమాణం దొరక్కపోతే సడలించుకునే సందు కూడా అందులోనే ఉంది. 2015లో ఓపెన్ సోర్స్ విధానం వచ్చింది. టెండర్లలో ఓపెన్ సోర్స్‌ను తప్పక పరిశీలించాలి, పక్కన పెడితే కారణం రాయాలి. రాష్ట్రాలు మాత్రం ఇష్టముంటేనే పాటిస్తాయి.

ఇదే మన 1923, ఇదే మన 1924. తీర్మానాలు బాగున్నాయి. మరి చెరువులో నీళ్లు తాగిందెవరు?

*కేరళ: నడిచి వెళ్లిన టీచర్లు*

2001-02లో కేరళ ప్రభుత్వ బడుల కోసం ఐటీ@స్కూల్ అనే ప్రాజెక్టు మొదలైంది. మొదట్లో పాఠాలు, శిక్షణ ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ చుట్టూ తిరిగాయి. దాన్ని అడ్డుకున్నది ఐటీ నిపుణులే కాదు, ఉపాధ్యాయుల సంఘం. కేరళ స్కూల్ టీచర్స్ అసోసియేషన్ దీన్ని చదువు సమస్యగా చూసింది: పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నామా, ఒక కంపెనీ సరుకు వాడటం నేర్పుతున్నామా? టీచర్లే గ్నూ/లినక్సు నేర్చుకున్నారు. నేర్చుకున్నవాళ్లు మిగతావాళ్లకు నేర్పారు. బడికి కావాల్సిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను మలయాళంతో సహా తయారు చేసుకున్నారు. ఆ దశాబ్దం చివరికి పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే నడిచింది. 2017లో ఆ ప్రాజెక్టే "కైట్" అనే ప్రభుత్వ సంస్థ అయ్యింది. 2 లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో ఇలా లైసెన్సు ఖర్చు లేకుండా 3,000 కోట్ల రూపాయలు మిగిలాయని కైట్ చెప్పిన లెక్క.

నాకు డబ్బు లెక్క కంటే ఇంకో సంగతి ముఖ్యం. మధ్యలో ప్రభుత్వాలు మారాయి. ముఖ్యమంత్రులు మారారు. ఆ పని ఆగలేదు. ఎందుకంటే అది జీవోలో ఒక్కటే లేదు, వేలమంది టీచర్ల చేతుల్లో ఉంది.

*తమిళనాడు: ఒక దళిత అధికారి*

ఇప్పుడు పక్క రాష్ట్రం చూడండి. సి. ఉమాశంకర్, 1990 బ్యాచ్ ఐఏఎస్, దళితుడు. తిరువారూర్ కలెక్టర్‌గా జిల్లా ఆఫీసులను కంప్యూటర్ల మీదికి తెచ్చి పేరు సంపాదించారు. రాష్ట్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఎల్‌కాట్‌కు అధిపతిగా ఉన్నప్పుడు, 2007లో, సంస్థ కంప్యూటర్లన్నిటినీ సూసె లినక్సు, ఓపెన్ ఆఫీస్ మీదికి మార్చారు. బడులకు వేల సంఖ్యలో లినక్సు కంప్యూటర్లు కొనే పని నడిపారు. ఆ రోజుల్లో ఓపెన్ సోర్స్ గురించి దేశంలో ఎక్కడ మాట్లాడినా ఆయన పేరు వచ్చేది.

2008లో ఆయన్ని అక్కడినుంచి మార్చారు. 2010 జూలైలో సస్పెండ్ చేశారు. ఆరోపణ ఏమిటి? తప్పుడు ఎస్సీ సర్టిఫికెట్‌తో ఉద్యోగం తెచ్చుకున్నాడని! సర్వీసులో ఇరవై ఏళ్లు గడిచాక! ఈ సస్పెన్షన్‌కూ లినక్సుకూ నేను ముడిపెట్టను. తాను అవినీతిని బయటపెట్టినందుకే ఇదంతా అని ఆయన చెప్పుకున్నారు. దళిత సంఘాలు, పార్టీలు గట్టిగా నిలబడ్డాయి, కొద్ది వారాల్లోనే ప్రభుత్వం సస్పెన్షన్ ఎత్తేసింది. నేను చూపిస్తున్నది ఇంకొకటి. ఒక దళితుడు వ్యవస్థను తెరిచే కుర్చీలో కూర్చున్నప్పుడు, అతన్ని దెబ్బ తీయాలంటే ముందుగా వెతికేది అతని కులం కాగితాన్నే.

ఆయన పని ఏమైంది? 2011లో మొదలైన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో విండోస్ తిరిగొచ్చింది, పక్కన బాస్ లినక్సును కూర్చోబెట్టారు. కేరళలో పని టీచర్ల చేతుల్లో ఉంది. ఇక్కడ ఒక అధికారి భుజాల మీద ఉంది. ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

*మన దగ్గర*

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను అందరికీ కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టే పద్ధతిని ఆపేసింది. విమర్శలొచ్చాక ఈ-గెజిట్‌లో పెడతామంది. ప్రభుత్వం మారాక, 2024 ఆగస్టులో పాత పోర్టల్ తిరిగి తెరిచారు. ఉత్తర్వుతో తెరిచినదాన్ని ఉత్తర్వుతో మూయడమంటే ఇదే. మహద్ మున్సిపాలిటీ 1927లో చేసిందీ ఇదే.

జీవో దొరికినప్పుడు కూడా చాలాసార్లు అది కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన బొమ్మ. అందులో "మాల", "మాదిగ", "హాస్టల్" అని వెతికితే ఏమీ రాదు. 2013లో పోరాడి సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఆ నిధులు ఎటు మళ్లాయో పట్టుకోవాలంటే వందల పేజీల అంకెలు కూడాలి. అంకెలను బొమ్మలుగా ఇస్తే మన పిల్లలు రాత్రులు కూర్చుని చేత్తో ఎక్కించుకోవాలి. అదే పట్టికను ఓపెన్ ఫార్మాట్‌లో ఇస్తే ఒక్క పూటలో దొంగ దొరుకుతాడు. ఓపెన్ స్టాండర్డ్ మనకెందుకని అడిగిన తమ్ముడికి నా జవాబు ఇదే.

*సేవా, వెట్టా*

ఓపెన్ సోర్స్ వాళ్లతో నాకొక పేచీ ఉంది, అది కూడా చెప్పాలి. అక్కడ "స్వచ్ఛందంగా" పనిచేయడాన్ని గొప్పగా చెప్తారు. ఖాళీ సమయం, సొంత కంప్యూటర్, ఇంగ్లీషు ఉన్నవాళ్లకు అది గొప్పే. తాతలు కూలి లేకుండా వెట్టి చేసిన ఇళ్ల పిల్లలు ఉచిత పని అనగానే ఒక్క క్షణం ఆగుతారు. ఆగాలి కూడా. అందుకే ప్రభుత్వ సాయం కావాలంటున్నాను. లైసెన్సులకు పోసే ప్రజాధనంలో కొంత గురుకులాల పిల్లలకు జీతంగా, స్టైపెండ్‌గా ఇచ్చి కోడ్ రాయించండి. రాసినది అందరిదవుతుంది, రాసినవాళ్ల పొయ్యి వెలుగుతుంది.

ఇది కుదరని పని కాదు. బెంగళూరులో సుదర్శన్ లేఔట్ అనే బస్తీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేడ్కర్ పేరుతో ఒక కంప్యూటర్ కేంద్రం నడిపారు. బస్తీ పిల్లలు అక్కడ గ్నూ/లినక్సు మీద కంప్యూటర్ నేర్చుకున్నారు, బొమ్మలు వేశారు. ప్రభుత్వం రూపాయి పెట్టకముందే జరిగిన పని అది.

*రేపటినుంచి*

సమాచార హక్కు చట్టం, 2005 తెరవండి. సెక్షన్ 2(జె) ప్రకారం కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలోనే అడిగే హక్కు మనకుంది. సెక్షన్ 7(9) ప్రకారం మనం అడిగిన రూపంలోనే మామూలుగా ఇవ్వాలి. సెక్షన్ 4 ప్రకారం అడక్కుండానే, జనానికి సులువుగా అందేలా, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని బయటపెట్టాలి. కాబట్టి మీ జిల్లా హాస్టళ్ల బడ్జెట్ అడిగేటప్పుడు దరఖాస్తులో ఒక వాక్యం ఎక్కువ రాయండి: "తెలుగు సమాచారం యూనికోడ్‌లో, పట్టికలు స్ప్రెడ్‌షీట్ రూపంలో ఇవ్వగలరు." ఇవ్వకపోతే అప్పీలు చేయండి. ఒక్కరు అడిగితే పక్కన పడేస్తారు. ప్రతి జిల్లా నుంచి పదిమంది అడిగితే గుమస్తా ఫాంట్ మారుస్తాడు.

పాత ఫాంట్లలో కరపత్రాలు, పత్రికలు, పాటల పుస్తకాల ఫైళ్లు ఎవరి దగ్గరున్నా పారేయకండి. వాటిని యూనికోడ్‌లోకి తెచ్చే పని మనమే మొదలుపెడదాం. వచ్చే భాగంలో ఆ పని ఎలా చేయాలో, ఏ పరికరాలతో చేయాలో వివరంగా రాస్తాను.

జై భీమ్.