సూది మార్చినా సిరంజి అదే

నేను నర్సింగు నేర్చుకున్న రోజుల్లో వార్డులో గాజు సిరంజిలే ఉండేవి. స్టెరిలైజర్లో నీళ్లు తెర్లాక ఇరవై నిమిషాలు ఉంచాలని మా హెడ్ సిస్టరు పోరేది. అంతసేపు మరిగితే కామెర్ల క్రిమి బతకదు. కాని ఓపీలో జనం బారులు తీరితే ఆగేదెవరు? సూది మాత్రం మార్చి అదే సిరంజితో పది మందికి పొడిచేసేవారు. ఊళ్లలో ఆర్‌ఎంపీల దగ్గరా అదే తంతు. సూది పడితే గానీ జ్వరం దిగదని జనం నమ్మకం మరి!

సూది మారిస్తే చాలన్న ధీమా ఇంగ్లండులోనూ ఉండేది. అక్కడ సిఫిలిస్‌కు ఆర్సెనిక్ మందు ఎక్కించుకున్నవాళ్లకు కొన్ని నెలలకు కామెర్లు వచ్చేవి. మందే లివరును పాడుచేస్తోందని డాక్టర్లు చాలాకాలం అనుకున్నారు. దోషం సిరంజిదని 1940ల్లో తేలింది. వాడిన సూదిని ఊడదీసేటప్పుడు దానిలోని రక్తం కంటికి ఆననంత సిరంజి గొట్టంలోకి వెనక్కి వస్తుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి అంటుకోవడానికి ఆ మాత్రం చాలు.

అంతకు ముందే, 1883లో జర్మనీలోని బ్రెమెన్ ఓడల కార్ఖానాలో 1,289 మందికి మశూచి టీకా వేశారు. మనుషుల నుంచి తీసిన రసంతో చేసిన టీకా అది. వాళ్లలో 191 మందికి కామెర్లు వచ్చాయి. వేరే టీకా వేయించుకున్నవాళ్లకు రాలేదు. లూర్మన్ అనే డాక్టరు 1885లో ఈ సంగతి రాసిపెట్టాడు, అయినా దాని అర్థం లోకానికి ఎక్కడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఎందుకు పట్టిందో నాకు తెలుసు. ఈ జబ్బు రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు ఒంట్లో దాగి ఉంటుంది. సంక్రాంతికి పొడిచిన సూది ఎండాకాలంలో కళ్లు పచ్చబడితే ఎవరికి గుర్తుంటుంది? వేడి చేసిందనో, తిన్నది పడలేదనో అనుకుని పసరు మందుకు పరిగెత్తేవారు. సూది వేసినవాడి మీద మాట పడేదే కాదు. ఆ అమాయకుల్ని తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

1965లో బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త ఈ హెపటైటిస్ బి వైరస్ ఆనవాలు పట్టాడు. 1997లో మన హైదరాబాదులోనే వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ సామాన్యులకు అందే ధరలో దీనికి టీకా తెచ్చింది. ఆ గర్వం నాకుంది. ప్లాస్టిక్ సిరంజిలు వచ్చాక ఇక భయం లేదనుకున్నాం కూడా.

కాని 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్ బి విరుచుకుపడి ఎనభై మందికి పైగా చనిపోయారు. ఒకసారి వాడి పారేయాల్సిన సిరంజిలనే అక్కడ మళ్లీ మళ్లీ వాడారు. అందుకే ఇప్పుడు ఇంజెక్షను గదిలో సూది కోసే మిషను పెడుతున్నారు. సిరంజి మొదలు దగ్గరే తెగిపోతే ఎవరు ఏరుకెళ్లినా అది మళ్లీ ఎవరి ఒంట్లోకీ దిగదు.