రక్తమందని యెముక

నెల్లిమర్లలో మాయొద్ద చదివిన యువకుడొకడు కొంతకాలము క్రిందట కుంటుచు మాయింటికి వచ్చెను. తుంటిలో నొప్పి. ఇంటివారు వాతమనిరి, పెద్దలు కర్మమనిరి. నూనె మర్దనలతోడను, చీటి లేక కొన్న మాత్రలతోడను ఏడాది గడచెను. తుదకు తొడయెముక శిరస్సు రక్తమందక చచ్చినదని పరీక్షలో తేలెను. “బతికున్న మనిసిలో ఎముక సచ్చిపోవడమేటి, మేష్టారూ?” అని యాతని తల్లి యడిగినది.

ఆ ప్రశ్నకు ఉత్తరము వైద్యులకును వెంటనే దొరకలేదు. ఎముకను మనము రాయివలె నెంచుదుము, అది సజీవధాతువు. 1628లో హార్వే రక్తప్రసరణమును నిరూపించెను. అయినను మృతాస్థి కనబడినపుడు చీము పట్టుటయే కారణమని చాలకాలము తలచిరి. 19వ శతాబ్దపు పూర్వార్ధమున ఫ్రెంచి వైద్యుడు క్రువేలియే, రక్తము అందకపోవుటచే తొడయెముక శిరస్సు రూపుచెడునని గుర్తించెను. 1910లో లెగ్, కాల్వే, పెర్తెస్ అనువారు మూడు దేశములలో వేర్వేరుగా బాలుర తుంటివ్యాధిని వర్ణించిరి. ఆ యేడే షికాగోలో హెరిక్ కొడవలివలె వంగిన రక్తకణములను గూర్చి ప్రకటించెను. అట్టి కణములు సన్నని నాళములలో చిక్కి దారి మూయును. తొడయెముక శిరస్సునకు రక్తము తెచ్చు నాళములు కొలదియే గనుక నచ్చట నష్టమధికము. 1952లో నీలగిరుల గిరిజనులలో నీ కణములు కనబడెను. మన మన్యమునందును ఈ వ్యాధి కలదు.

1948లో కార్టిసోన్ కీళ్లవాత రోగికి తొలిసారి ఇయ్యబడెను. 1950లో దాని పరిశోధకులకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆ జాతి మందులు మితిమీరినచో తుంటియెముకను చంపగలవని పిమ్మట తెలిసెను. మితిలేని మద్యపానమును, తుంటి విరుగుటయు ఇతర కారణములు.

తొలిదశలో ఎక్సురే చిత్రమున నేమియు కనబడకపోవచ్చును; ఎం.ఆర్.ఐ. పరీక్ష చూపగలదు. శిరస్సు కూలకమునుపు తెలిసినచో, ఎముకను తొలిచి లోని ఒత్తిడి తగ్గించు చికిత్స కొందరికి మేలుచేయును. కూలినచో కృత్రిమపు తుంటియే శరణ్యము. దానిని 1960 తరువాత ఇంగ్లాండులో చార్న్లీ వాడుకకు తెచ్చెను. నేడు మన నెల్లిమర్లలోనే వైద్యకళాశాల యున్నది. ఇంక వాతమని యేడాది యూరకుండుట యేల?

వివాహ విషయమునను ఒకమాట. కొడవలికణ లక్షణము తలిదండ్రులిద్దరియందును దాగియున్నచో, పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట నొకపాలు వ్యాధి రాగలదు. ఒకే వంశమున నా లక్షణముండిన మేనరికము ఆ ప్రమాదమును పెంచును. 2023లో కేంద్రప్రభుత్వము ఈ వ్యాధినిర్మూలనకు పరీక్షలు ఆరంభించినది. జాతకము చూపించు తలిదండ్రులు రక్తమును చూపించుటకు సిగ్గుపడనేల?

ఆ తల్లికి మేమిదంతయు విడమరచి చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “అయితే రెండో తుంటి సూపించాల” అని లేచినది. కర్మమను మాట యామెను ఏడాది కూర్చుండబెట్టినది. కారణమను మాట ఒక గడియలో లేవదీసినది.