ఆటకు కూలి: ఆర్థర్ వార్టన్ తొలి పదేళ్లు

మా కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది పిల్లాడొకడున్నాడు. సంక్రాంతికి ఊళ్లల్లో కబడ్డీ పోటీలు పెడితే, వేరే ఊరి టీములు వాణ్ని పిలిపించుకుంటాయి. రానూపోనూ చార్జీలు, భోజనం, చేతిలో వెయ్యో రెండువేలో పెడతారు. ఆ డబ్బుతో వాడు పరీక్ష ఫీజు కట్టుకుంటాడు. మొన్న స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన "వాడాండీ, డబ్బులకు ఆడే బాపతు" అన్నాడు. నెల తిరిగేసరికి జీతం తీసుకునే మనిషి అన్న మాట ఇది.

పెళ్లిలో డప్పు కొట్టినవాడికి ఇచ్చేది కూలి. అదే పెళ్లిలో కచేరీ చేసినాయనకు ఇచ్చేది సన్మానం. నోట్లు ఒకటే, పేర్లు వేరు. ఈ రెండు పేర్ల మధ్య నలిగిన ఒక కుర్రాడి కథ ఈ వారం చెప్తాను మిత్రులారా. మన ఊరి కథ కాదు, ఇంగ్లండ్ కథ.

ఆర్థర్ వార్టన్ 1865 అక్టోబర్ 28న గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, అక్రా పట్నంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టాడు. తండ్రి గ్రెనడా దీవి నుంచి వచ్చిన మెథడిస్టు పాదిరి. తల్లి ఫాంటే రాజవంశపు బంధువర్గం. ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. వార్టన్‌ను మన వాడల పిల్లాడిలాగా చిత్రిస్తే అబద్ధమవుతుంది. చదువూ పలుకుబడీ ఉన్న ఇల్లు అది. కొడుకును కూడా మిషనరీ ఉపాధ్యాయుణ్ని చేయాలనే ఇంగ్లండ్ పంపారు. 1884 నాటికి డార్లింగ్టన్‌లోని క్లీవ్‌లాండ్ కాలేజీలో చేరాడు. ఆ కాలపు మిషనరీలే ఇక్కడ ఒంగోలు, గుంటూరు పల్లెల్లో మన పెద్దల చేతికి పలక ఇచ్చారు. అక్కడ మాత్రం మిషనరీ కావాల్సిన కుర్రాడు పలక పక్కన పెట్టి మైదానంలోకి దిగాడు.

ముందు పరుగు. 1886 జులై 3న లండన్ స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో జాతీయ అమెచ్యూర్ పోటీలు. 100 గజాలు సరిగ్గా 10 సెకన్లలో పరుగెత్తాడు. ఆ పోటీల్లో అంత వేగం అంతకుముందు ఎవరికీ చేతకాలేదు. మరుసటి ఏడు మళ్లీ అతనే గెలిచాడు.

'అమెచ్యూర్' అన్నామే, ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. డబ్బు తీసుకోకుండా ఆడేవాడు అని డిక్షనరీ అర్థం. 1866లో లండన్‌లో పెట్టిన అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్బు నిబంధన చూస్తే అసలు అర్థం దొరుకుతుంది. మెకానిక్కులు, చేతివృత్తులవాళ్లు, కూలీలు అమెచ్యూర్లు కారు. వాళ్లు పరుగు మీద పైసా సంపాదించకపోయినా సరే! పొట్టకూటికి ఏం చేస్తావన్నదే అనర్హత. 1880లో కొత్త సంఘం ఏర్పడినప్పుడు ఆ నిబంధన తీసేశారు, డబ్బు తీసుకున్నవాళ్ల మీద నిషేధం మాత్రం ఉంచారు. క్రికెట్‌లోనైతే 'జెంటిల్మెన్' వేరు, 'ప్లేయర్స్' వేరు. చాలా మైదానాల్లో దుస్తులు మార్చుకునే గదులు వేరు, లోపలికొచ్చే గేట్లు వేరు. ఆ తేడాను 1962లో గానీ రద్దు చేయలేదు. రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఫుట్‌బాల్‌లో ఈ గోడను ముందు పగలగొట్టింది ఉత్తర ఇంగ్లండ్ మిల్లు పట్నాలు. శనివారం ఆటకు పోతే కార్మికుడికి ఆ పూట కూలి పోతుంది, అది ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. క్లబ్బులు చాటుగా ఇచ్చేవి. 1884లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ మీద లండన్ క్లబ్బు ఒకటి ఫిర్యాదు చేసింది. ప్రెస్టన్ పెద్ద, మిల్లు మేనేజరు విలియం సడెల్, అవును ఇస్తున్నాం అని ఒప్పేసుకున్నాడు. ప్రెస్టన్‌ను కప్పు పోటీ నుంచి తీసేశారు. గొడవ ముదిరింది, 1885 జులైలో జీతానికి ఆడటం చట్టబద్ధమైంది.

ఆ ప్రెస్టన్‌కే వార్టన్ 1886లో గోల్‌కీపర్‌గా వెళ్లాడు, డార్లింగ్టన్‌కు ఆడుతూ పేరు తెచ్చుకున్నాక. అప్పటి గోల్‌కీపర్ పని ఇప్పటిలా కాదు. బంతి చేతిలో ఉన్నా లేకపోయినా ఎదుటివాళ్లు భుజంతో గుద్ది గోల్లోకి తోసేయొచ్చు. వార్టన్ గోలు మూలన ముడుచుకు కూర్చుని, ఆఖరి క్షణంలో చిరుతలా దూకేవాడట. పై కర్రకు వేలాడి కాళ్ల మధ్య బంతిని పట్టాడని చూసినవాళ్లు ముసలితనంలో కూడా చెప్పుకున్నారు. జనం నవ్వేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. పత్రికలు మాత్రం 'డార్కీ' అని రంగు పేరు పెట్టి రాసేవి. ఆట బాగుంటే వింత, తప్పు చేస్తే బుర్ర తక్కువ. మన పిల్లలకు మార్కులొస్తే 'రిజర్వేషన్', తప్పితే 'అదే కదా' అన్నట్టు.

1887 మార్చిలో ప్రెస్టన్ కప్పు సెమీఫైనల్‌లో వెస్ట్ బ్రామ్‌విచ్ చేతిలో 3-1తో ఓడింది. వార్టన్ అక్కడ ఆగలేదు. రెండేళ్లు తిరక్కుండా అదే ప్రెస్టన్ తొలి లీగ్‌ను ఒక్క ఓటమీ లేకుండా గెలిచి, కప్పు కూడా ఎత్తింది. చరిత్ర పుస్తకాల్లో 'అజేయులు' అని ఉండే ఆ జట్టులో అతని పేరు లేదు.

ఎందుకు వదిలాడు? 1888లో అతను చేసిన పని చూడండి. షెఫీల్డ్‌లో పందేలు కాసే పరుగుల్లో, డబ్బు కోసం బహిరంగంగా పరుగెత్తి గెలిచాడు. అంటే జాతీయ చాంపియన్ తన 'పెద్దమనిషి' హోదాను తానే తెంచుకున్నాడు. 1889లో రోథర్‌హామ్ టౌన్‌తో జీతానికి ఒప్పందం. ప్రపంచంలో తొలి నల్లజాతి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఇప్పుడు ఎక్కువమంది రాసేది దీన్నిబట్టే. నా ఉద్దేశంలో అది పతనం కాదు, లెక్క. పదకం బియ్యం కొనిపెట్టదు.

అతనికంటే ముందే ఆండ్రూ వాట్సన్ అనే నల్లవాడు 1881లో స్కాట్లండ్‌కు కెప్టెన్‌గా ఇంగ్లండ్‌ను 6-1తో ఓడించాడు. వాట్సన్ తండ్రి సంపన్నుడైన చక్కెర తోటల యజమాని. కొడుకు అమెచ్యూర్‌గా నిలబడగలిగాడంటే వెనక ఆ డబ్బుంది. వార్టన్‌కు రోథర్‌హామ్ జీతం ఉంది, 1890లో పెళ్లాడిన ఎమ్మా లిస్టర్ ఉంది, నడపడానికి ఒక పబ్బు ఉంది.

1893లో రోథర్‌హామ్ లీగ్ రెండో డివిజన్‌లోకి వచ్చింది. 1894లో షెఫీల్డ్ యునైటెడ్ అతన్ని తీసుకుంది. అక్కడ భారీకాయుడు విలియం ఫౌక్ మొదటి గోల్‌కీపర్, వార్టన్ రెండోవాడు. ఆ సీజన్లో మొదటి డివిజన్‌లో ఆడే అవకాశం దొరకడమే గగనమైంది. చిన్న క్లబ్బులకు మారుతూ 1902 దాకా ఆడాడు. తర్వాత బొగ్గు గనిలో పని. 1930 డిసెంబర్‌లో డాంకాస్టర్ దగ్గర చనిపోతే ఎడ్లింగ్టన్ శ్మశానంలో పేదల గుంటలో పూడ్చారు. జాత్యహంకార వ్యతిరేక కార్యకర్తలు పూనుకుని 1997లో దాని మీద పేరు చెక్కిన రాయి నిలబెట్టారు.

వచ్చే భాగంలో 1936. కలకత్తా మహమ్మద్ సలీం, కాళ్లకు బూట్లు లేకుండా గుడ్డ పట్టీలు చుట్టుకుని గ్లాస్గోలో సెల్టిక్ చొక్కా వేసుకున్న కథ.