నారింజ రంగు టాన్సిల్స్ - ఇన్సులిన్ కథ

బ్లడ్ టెస్ట్ రిపోర్టు రాగానే మనం షుగరు ఒక గడిలో, కొలెస్ట్రాల్ ఇంకో గడిలో చూసుకుంటాం, రెండూ వేర్వేరు మాడ్యూళ్ళన్నట్టు. కావని తేలడానికి పట్టిన కాలం తక్కువేం కాదు.

ఈ కథ మొదలైంది అమెరికాలో వర్జీనియా తీరాన ఉన్న టాంజియర్ అనే చిన్న దీవిలో. 1960 ప్రాంతంలో అక్కడి ఐదేళ్ళ కుర్రాడి టాన్సిల్స్ నారింజ రంగులో కనిపించాయి. చూస్తే వాటి నిండా కొలెస్ట్రాలే! రక్తంలో మాత్రం మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) దాదాపు సున్నా. వాళ్ళక్కకీ అంతే. జబ్బుకి దీవి పేరే పెట్టారు.

కారణం 1999లో గానీ దొరకలేదు. కణంలో మిగిలిన కొలెస్ట్రాల్‌ని బయటికి తోసే ఏబీసీఏ1 అనే ప్రోటీన్ జన్యువులో లోపం. మన భాషలో చెప్పాలంటే మెమరీ లీకన్నమాట.

సరే, దీనికీ షుగరుకీ ఏంటి సంబంధం? 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు ఎలుకల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో మాత్రమే ఈ జన్యువుని తీసేశారు. ఆ కణాల్లో కొలెస్ట్రాల్ పేరుకుంది, ఇన్సులిన్ విడుదల తగ్గింది. అదే ఏడాది అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్ళు, కొలెస్ట్రాల్ ఎక్కువైతే చక్కెరని పసిగట్టే గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ ఇన్సులిన్ రేణువులకే అతుక్కుపోయి సరిగా పనిచేయదని చూపించారు. కొలెస్ట్రాల్ తగ్గిస్తే కణం మళ్ళీ దారిలో పడింది.

అయితే కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే షుగరు రాదా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ 2008లో వచ్చిన జూపిటర్ అధ్యయనంలో చెరి 8,901 మందిని పోలిస్తే, స్టాటిన్ వాడినవాళ్ళలో 270 మందికి, డమ్మీ మాత్ర వాడినవాళ్ళలో 216 మందికి కొత్తగా మధుమేహం వచ్చింది. బీటా కణానికి కొలెస్ట్రాల్ ఎక్కువైనా చేటే, మరీ తక్కువైనా చేటే. 2012లో అమెరికా ఎఫ్‌డీఏ స్టాటిన్ల లేబుల్‌పై ఈ హెచ్చరిక చేర్పించింది.

అలాగని ఇది చదివి మాత్రలు మానేయకండి బాబూ! అదే అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 251 నుంచి 142కి తగ్గాయి. లాభమే ఎక్కువ. నేను చెప్పేదల్లా ఒకటే: స్టాటిన్ వాడేవాళ్ళు షుగరు కూడా చూపించుకుంటూ ఉండండి. ఒక గడి బాగుందని రెండో గడిని వదిలేయొద్దు.