కుక్కల మూత్రాశయ క్యాన్సర్

మూత్రాశయం లోపలి పొరలో పుట్టే ప్రాణాంతక కణితి. ఎక్కువగా వయసు మీరిన కుక్కలకు వస్తుంది. స్కాటిష్ టెర్రియర్ జాతికి దీని ముప్పు మిగతా కుక్కలకంటే సుమారు 20 రెట్లు ఎక్కువ. మూత్రంలో రక్తం, మాటిమాటికీ కూర్చుని ముక్కినా నాలుగు చుక్కలే రావడం ప్రధాన లక్షణాలు. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కూ ఇవే లక్షణాలు. యాంటీబయాటిక్‌తో కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది కనుక అసలు జబ్బు మరుగున పడిపోతుంది. తగ్గి తిరగబెడితే అల్ట్రాసౌండ్ తప్పక తీయించాలి. దాదాపు 85 శాతం కేసుల్లో బీరాఫ్ జన్యువులో మార్పు ఉంటుంది. దాన్ని మూత్ర పరీక్షతోనే పట్టవచ్చు. పొట్ట మీదుగా సూదితో నమూనా తీస్తే ఆ దారిలో క్యాన్సర్ కణాలు నాటుకునే ప్రమాదం ఉంది.

కణితి సాధారణంగా మూత్రాశయ ముఖద్వారం దగ్గరే పెరుగుతుంది. అందువల్ల పూర్తిగా కోసి తీయడం అరుదు. పైరాక్సికామ్, మైటోజాంట్రోన్, విన్‌బ్లాస్టిన్ వంటి మందులతో చాలా కుక్కలు కొన్ని నెలలు, కొన్ని ఏడాదికి పైగా హాయిగా గడుపుతాయి. ఆ హాయి చిన్న విషయం కాదు. నీళ్లు ఎప్పుడూ అందేలా ఉంచాలి, తరచూ బయటికి తిప్పాలి, ఇల్లు తడిపినా కసరకూడదు. మూత్రం పూర్తిగా ఆగిపోతే తెల్లారేదాకా చూడకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.