59 పేర్లు: టే వంతెన ప్రమాదం మనకు చెప్పేదేంటి?



మన ముత్తాతల్లో ఒకాయన ఎలా చనిపోయాడని పెద్దోళ్లను అడిగితే చాలా ఇళ్లల్లో ఒకటే జవాబు: "పనికి పోయి తిరిగి రాలేదంట." ఏ పని, ఏ చోటు, ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ చెప్పలేరు. అలాంటి చావు వివరాలు వందేళ్ల తర్వాత దొరుకుతాయా? దొరకబుచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే ఈరోజు స్కాట్లాండ్‌లో, విక్టోరియా రాణి కాలంలో జరిగిన ఒక రైలు ప్రమాదం గురించి చెప్పుకుందాం.

డండీ పట్టణం దగ్గర టే నది మీద దాదాపు రెండు మైళ్ల పొడవున రైలు వంతెన కట్టారు. కట్టేటప్పుడే సుమారు 20 మంది పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1878 జూన్‌లో రైళ్లు మొదలయ్యాయి. ఏడాదిన్నర తిరక్కుండానే, 1879 డిసెంబర్ 28 ఆదివారం రాత్రి, పెద్ద గాలివానలో ఒక ప్రయాణికుల రైలు వంతెన ఎక్కింది. మధ్యలో ఎత్తుగా ఉన్న భాగం మొత్తం రైలుతో సహా నదిలో కూలిపోయింది. ఒక్కరు కూడా బతకలేదు.

ప్రభుత్వం విచారణ జరిపింది. డిజైన్, నిర్మాణం, నిర్వహణ మూడింట్లోనూ లోపాలున్నాయని తేలింది. వంతెన డిజైన్ చేసిన థామస్ బౌచ్ గాలి ఒత్తిడిని సరిగా లెక్కలోకి తీసుకోలేదు. పోత ఇనుప స్తంభాల్లో పడిన బొక్కల్ని మైనం, ఇనుప రజను కలిపిన ముద్దతో పూడ్చేసిన సంగతి కూడా విచారణలో బయటపడింది. రైలు పోతుంటే వంతెన ఊగేదని రంగులేసిన పనివాళ్లు సాక్ష్యం చెప్పారు. కూలీ మాటను కూడా కాగితం మీద పెట్టారు కాబట్టే అది ఇవాళ మన దాకా వచ్చింది.

మరి ఆ రాత్రి ఎంతమంది చనిపోయారు? అసలు కథ ఇక్కడుంది. వంతెనకు ముందున్న సెయింట్ ఫోర్ట్ స్టేషన్‌లో డండీ వెళ్లేవాళ్ల టికెట్లు వసూలు చేశారు. అవి 56. సీజన్ టికెట్లవాళ్లు, వేరే ఊళ్లకు పోయేవాళ్లు, రైలు సిబ్బంది కలిపితే 74 లేదా 75 అవుతుందని లెక్కేశారు. చాలా పుస్తకాల్లో 75 అనే అంకె పాతుకుపోయింది. నదిలో, తీరంలో దొరికిన శవాలు మాత్రం 46.

తర్వాత కాలంలో స్థానిక చరిత్రకారులు, వంశచరిత్ర వెతికేవాళ్లు ఇంకో దారిలో వెళ్లారు. వాళ్లు టికెట్లు పక్కనపెట్టి పేర్లు లెక్కపెట్టారు. స్కాట్లాండ్‌లో 1855 నుంచి మరణాల నమోదు తప్పనిసరి. చనిపోయినవాళ్ల పేరు, వయసు, చేసే పని, తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా రిజిస్టర్‌లో రాస్తారు. ఇళ్లల్లో పనిచేసే ఆడమనిషైనా, మిల్లు కూలీ అయినా ఆ ఒక్క పేజీ పట్టుకుంటే రెండు తరాల కుటుంబం కనబడుతుంది. అలా పేరుపేరునా తేలినవాళ్లు 59 మంది. మిగతా అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్న వాదన ఇంకా ఉంది. 2013 డిసెంబర్ 28న నదికి రెండు పక్కలా స్మారకాలు పెట్టి ఆ 59 పేర్లు చెక్కారు.

అదే రాణి పాలనలో మన దేశంలోనూ రైలు దారులు వేశారు. ముంబై–పుణె మధ్య బోర్ ఘాట్ దారి 1856 నుంచి 1863 దాకా కట్టారు. ఒక దశలో 40 వేల మందికి పైగా కూలీలు అక్కడ కొండలు తొలిచారు. కలరాకీ, జ్వరాలకీ, పేలుళ్లకీ చనిపోయినవాళ్లు సుమారు 25 వేలని చరిత్రకారుల అంచనా. కాంట్రాక్టర్ సోలమన్ ట్రెడ్‌వెల్ 1859లో వచ్చిన కొద్దిరోజులకే జబ్బుతో చనిపోయాడు. ఆ పని భార్య ఆలిస్ చేపట్టి నడిపించింది. వాళ్లిద్దరి పేర్లూ చరిత్రలో ఉన్నాయి. కూలీలు మాత్రం "సుమారు" అనే మాట వెనకాల ఉండిపోయారు. అంకె ఎంత పెద్దదైనా, అందులో మన తాత ఉన్నాడో లేడో అది చెప్పదు.

అందుకే మిత్రులారా, పని మన ఇంటి నుంచే మొదలుపెడదాం. అవ్వల్ని, తాతల్ని కూర్చోబెట్టి ఏడు తరాల పేర్లు అడగండి. తల్లి వైపు గోత్రం, పుట్టినూరు తప్పకుండా రాయండి. సంవత్సరం చెప్పలేకపోతే ఏ కరువు, ఏ తుఫాను, ఏ ఎలక్షన్ నాటి మాటో అడగండి. గోండుల దగ్గర తోటీలు, ప్రధాన్‌లు, కోయల దగ్గర డోలీవాళ్లు వంశాల కథలు పాడతారు. ఫోన్‌లో రికార్డు చేసి, ఎవరు పాడారో కూడా రాసిపెట్టండి. చనిపోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టిన రాయి ఉంటే ఫోటో తీసి, అది ఎవరిదో అడగండి. పట్టా కాగితం, బడి అడ్మిషన్ రిజిస్టర్ కూడా సాక్ష్యాలే. రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే రెండూ రాయండి, ఒకటి కొట్టెయ్యకండి.

టే నదిలో పోయినవాళ్లకు 134 ఏళ్ల తర్వాత రాయి మీద పేరు వచ్చింది. ఎవరో ఒక గుమస్తా ఆ రోజు రిజిస్టర్‌లో రాసి ఉంచబట్టి. మన పెద్దల రిజిస్టర్ మన అవ్వల నోట్లోనే ఉంది. ఈ సెలవులకు ఊరెళ్లేటప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకెళ్దాం.

జై ఆదివాసీ!